గురిగీటు ఎక్కడ నుండవలెను?



గడచిన సంక్రాంతి పండుగకు నా మేనల్లుడు తాడేపల్లిగూడెమునుండి ఏలూరు వచ్చెను. అరిసెల డబ్బాతోపాటు తువ్వాలలో చుట్టిన గొట్టము నొకదానిని తెచ్చి నా ముందు పెట్టెను. అది తుపాకిమీద బిగించు దుర్భిణి. రైఫిల్ స్కోప్ అని దాని బజారు పేరు. కుఱ్ఱవాడు కొంతకాలముగా ఎయిర్ రైఫిలుతో రేకు బిళ్లలను గురిచూచి కొట్టుట అభ్యసించుచున్నాడు. ఆనాడు వాని మొగము చిన్నబోయి యుండెను.

"మావయ్యా, ఈ దుర్భిణి పొద్దున్న నిజం చెబుతోంది, సాయంత్రం అబద్ధం చెబుతోంది. అమ్మినవాడికి తిప్పి పంపించేస్తాను" అనెను.

నేను ఉద్యోగజీవితమంతయు లెవెల్ యంత్రము వెనుక నిలిచి, కాలువల వెంబడిని, కొల్లేటి గట్లమీదను ఎత్తుపల్లములు కొలిచినవాడను. తుపాకి పట్టి యెఱుగను. కాని దుర్భిణిలోని గీటునకును నాకును పాత స్నేహము. కావున "తొందరపడకురా, ఏం జరిగిందో వరుసగా చెప్పు" అంటిని. వాడు చెప్పినదానిని మీకును చెప్పి, అందులోని చిక్కును మీ యెదుటనే విప్పుటకు ప్రయత్నించెదను.

వారి తోటలో ఎత్తైన మట్టిగట్టు కలదు. గట్టునకు ముందు, తాను కూర్చుండు చోటికి 45 మీటర్ల దూరమున, అరచేతి వెడల్పుగల రేకు బిళ్లను నిలిపినాడు. దుర్భిణిలో చూచినప్పుడు నడుమ అడ్డగీత, నిలువుగీత కలియు కూడలి కనబడును. కూడలి క్రింద నిలువుగీతమీద నిచ్చెనమెట్లవలె చిన్న గీటులు వరుసగా నుండును. రైఫిలును వాడు 25 మీటర్లకు సరిచేసికొనియుండెను. అనగా ఆ దూరమున గుండు సరిగా కూడలి చూపినచోటనే తగులును. అంతకు దూరమేగినకొలది గుండు భూమివైపు దిగును. 45 మీటర్లకు వాని గుండు 9 సెంటీమీటర్లు దిగుచున్నది. అందుచేత కూడలికి బదులు దాని క్రింది రెండవ గీటును బిళ్ల నడుమ నుంచి కాల్చుచుండెను. ఉదయమంతయు బిళ్ల గణగణ మ్రోగినది.

సాయంకాలము వెలుతురు సన్నగిల్లెను. దుర్భిణికి ఒక ఉంగరము కలదు. దానిని త్రిప్పినచో దృశ్యము అయిదురెట్లు మొదలు పదిరెట్ల వఱకు పెరుగును. రెట్లు తగ్గించినచో దృశ్యము విశాలమగును, కంటికి ఎక్కువ వెలుతురు చేరును. ఈ సంగతి తెలిసినవాడే గనుక ఉంగరమును పదినుండి అయిదునకు త్రిప్పెను. అదే రైఫిలు, అదే బిళ్ల, అదే రెండవ గీటు. గుండు బిళ్ల నడిమికి బెత్తెడు పైగా పోయి గట్టులో దిగబడెను. మూడుమారులు కాల్చినాడు. మూడు గుండ్లును ఒకదాని ప్రక్క నొకటి అచ్చటనే దిగినవి.

ఈ చివరిమాట విన్నంతనే నాకు కొంత ధైర్యము కలిగెను. పనిముట్టు చెడినప్పుడు తప్పు ఇటునటు చెదరును. ముమ్మారు ఒకే తావున పడిన తప్పునకు ఏదో యొక లెక్క యుండితీరును. ఆ లెక్కను తెలిసికొనుటకు ముందు, దుర్భిణిలో గీటు అసలు ఎచ్చట నుండునో చూడవలెను. కూడలిని, మెట్టుగీటులను కలిపి రెటికిల్ అందురు. మనము గురిగీటు అని పిలుచుకొందము.

గెలీలియో వాడిన దుర్భిణిలో గీటునకు తావు లేదు. దానిలో కంటియొద్ద నుండునది నడుమ పలుచనైన పుటాకార కటకము. వస్తువు ప్రతిబింబము గొట్టము లోపల ఏర్పడకముందే వెలుగు ఆ కటకములోబడి కంటికి పోవును. 1611 లో కెప్లర్ అను జర్మను ఖగోళశాస్త్రవేత్త రెండుప్రక్కలను కుంభాకార కటకములే యుండు దుర్భిణిని వివరించెను. ఇందులో ముందరి కటకము దూరమున నున్న వస్తువు యొక్క చిన్న ప్రతిబింబమును తలక్రిందుగా గొట్టము లోపలనే, శూన్యములో పటము కట్టినట్లు, నిలుపును. కంటియొద్ద కటకము భూతద్దమువలె ఆ పటమును పెద్దదిచేసి చూపును. పటము నిలుచు తావునకు నాభీతలమని పేరు. ఆ తలములోనే ఏ పోగునైనను ఉంచినచో, ఆ పోగును, ఎక్కడనో యున్న వస్తువును ఒకేమారు ఒకే స్పష్టతతో కంటికి కనబడును.

ఈ రహస్యమును 1640 ప్రాంతమున విలియం గాస్కాయిన్ అను ఇంగ్లీషు యువకునకు తెలిపినది ఒక సాలెపురుగు. అది అతని దుర్భిణి లోపల దారము లాగెనట. అతడు చూచునప్పుడు ఆ దారము దృశ్యముమీద గీచినట్లు స్పష్టముగా కనబడెను. అతడు 1644 లో ఆ దేశపు అంతర్యుద్ధములో, మార్‌స్టన్ మూర్ పోరాటమున మరణించెను. కాని ఆ దారముతో దుర్భిణి జాతి మారినది. అంతవఱకు చూచుటకు మాత్రమే పనికివచ్చినది నాటినుండి కొలుచుటకును పనికివచ్చినది.

మన ప్రాంతము ఆ దారమునకు ఎంతయో ఋణపడియున్నది. 1847 మొదలు 1852 వఱకు కాటన్ దొర ధవళేశ్వరమున గోదావరికి ఆనకట్ట కట్టించిన పిమ్మట, నిడదవోలు, తాడేపల్లిగూడెముల మీదుగా గోదావరి నీరు ఏలూరు కాలువలో ఇటు వచ్చినది. బెజవాడనుండి కృష్ణ నీరు అటునుండి వచ్చినది. రెండునదుల మధ్య పల్లమున కొల్లేరు ఉన్నది. ఈ నేలకు వాలు అత్యల్పము. నీరు ఎటు పాఱునో కంటితో చూచి చెప్పుట అసాధ్యము. అంగుళములలో తేడాను పట్టునది లెవెల్ యంత్రములోని గీటు ఒక్కటే.

మాకు నేర్పిన మొదటి పాఠము ఇది: యంత్రము నిలిపినపిమ్మట ముందు కంటికటకమును త్రిప్పి గీటును స్పష్టము చేసికొమ్ము. తరువాత దూరమున నున్న కొలబద్ద ప్రతిబింబమును తెచ్చి సరిగా ఆ గీటుమీద నిలుపుము. ఇట్లేల చేయవలెను? మీ యింటి కిటికీ ఊచను, వెలుపలి కొబ్బరిచెట్టును ఒక్కగీతలో పెట్టి చూడుడు. తల కొంచెము కదిలించిన చాలును, ఊచ చెట్టును విడిచి ప్రక్కకు జరుగును. ఏలయన ఊచ దగ్గఱనున్నది, చెట్టు దూరమున నున్నది. అదే చెట్టు మొదటికే సున్నపు గీత గీచియుండిన, మీరు తలను ఎటు త్రిప్పినను గీత చెట్టును విడువదు. గీటును ప్రతిబింబమును ఒకే తలములో నున్నచో సున్నపు గీత వలె ఉండును. వేఱువేఱు తలములలో నున్నచో కిటికీ ఊచ వలె జరుగును. ఈ జరుగుటకు పారలాక్స్ అని పేరు. రైఫిలు దుర్భిణికిని ఈ నియమము తప్పదు.

అయితే మా లెవెల్ యంత్రములో రెట్లను మార్చు ఉంగరము లేదు. అందుచేత గీటు ఎచ్చట నుండవలెనను ప్రశ్నకు జవాబు ఒక్కటే. రైఫిలు దుర్భిణిలో జవాబులు రెండు. అచ్చటనే మేనల్లుని చిక్కు ఆరంభమైనది.

దాని లోపలికి పోయి చూతము. ముందరి పెద్ద కటకము దృశ్యమును తలక్రిందుగా ఒక తావున నిలుపును. ఇది మొదటి నాభీతలము. తలక్రిందు దృశ్యముతో వేటాడువానికి గాని సైనికునకు గాని పని జరుగదు. కావున గొట్టములో మఱియొక చిన్న గొట్టమును, అందులో రెండు కటకముల జంటను అమర్చుదురు. ఈ జంట తలక్రిందు ప్రతిబింబమును తిరిగి నిట్టనిలువుగా త్రిప్పి, కంటికటకమునకు దగ్గఱగా మఱియొకచోట నిలుపును. అది రెండవ నాభీతలము. మనకంటికి కనబడునది ఈ రెండవ ప్రతిబింబము.

ఉంగరమును త్రిప్పినప్పుడు ఏమి జరుగునో ఇప్పుడు గమనింపుడు. ముందరి కటకము కదలదు. కంటికటకము కదలదు. నడిమి జంటలోని కటకములు రెండును, తమ గొట్టమునకు కోసిన వంకర గాడులవెంట ముందునకును వెనుకకును జరుగును. అట్లు జరిగినప్పుడు మొదటి ప్రతిబింబము మారదు. రెండవ ప్రతిబింబము మాత్రము తన తావును విడువకయే పెద్దదియో చిన్నదియో అగును. రెట్లు పెరుగుటయు తగ్గుటయు అంతయు ఈ రెండు తలముల నడుమనే జరుగుచున్నది.

గీటును ఏ తలములో నుంచినను స్పష్టముగానే కనబడును. మొదటి తలములో నుంచినచో గీటు దృశ్యముతోపాటు నడిమి జంటగుండా ప్రయాణము చేయును. దృశ్యము రెండింతలైన గీటులును రెండింతలగును. రెండవ తలములో నుంచినచో పెరుగుట తరుగుటలన్నియు ముగిసిన పిమ్మట గీటు వచ్చి చేరును. దృశ్యము ఎంత మారినను గీటు మారదు. మొదటిదానిని ఫస్ట్ ఫోకల్ ప్లేన్ అనియు, రెండవదానిని సెకండ్ ఫోకల్ ప్లేన్ అనియు బజారులో పిలుతురు.

తోలుబొమ్మలాట చూచినవారికి ఈ భేదము సులభముగా తెలియును. తెఱ వెనుక దీపము, దీపమునకును తెఱకును నడుమ బొమ్మ. బొమ్మను దీపమువైపు జరిపినకొలది తెఱమీద నీడ పెద్దదగును. బొమ్మ నడుమున వడ్డాణము చెక్కియున్నదనుకొనుడు. నీడ ఎంత పెరిగినను వడ్డాణము నడుమునే యుండును, నడుముతోపాటు పెరుగును. మఱి తెఱమీద ఎవరో బొగ్గుతో ఒక గీత గీచిరనుకొనుడు. నీడ చిన్నదిగా నున్నప్పుడు ఆ గీత బొమ్మ మెడయొద్ద నుండినచో, నీడ పెరిగినప్పుడు రొమ్ముమీదికి వచ్చును. గీత కదలలేదు, బొమ్మయే మారినది. మొదటి తలములోని గురిగీటు బొమ్మమీది వడ్డాణము. రెండవ తలములోని గురిగీటు తెఱమీది బొగ్గుగీత.

ఇప్పుడు మేనల్లుని లెక్కకు వత్తము. ఆ దుర్భిణిలో మెట్టుగీటుల నడిమి దూరము ఒక మిల్లీరేడియను. తుపాకివారు ముద్దుగా మిల్ అందురు. దీని అర్థము సులభము: వేయి మీటర్ల దూరమున ఒక మీటరును, నూఱు మీటర్ల దూరమున 10 సెంటీమీటర్లను, 45 మీటర్ల దూరమున 4.5 సెంటీమీటర్లను కప్పు కోణము. రెండు మిల్లులు 45 మీటర్లకు 9 సెంటీమీటర్లు. గుండు దిగుటయు సరిగా 9 సెంటీమీటర్లే. కావుననే ఉదయము రెండవ గీటు సరిపడినది.

కాని వాని గురిగీటు రెండవ తలములో నున్నది. అట్టి దుర్భిణిలో మెట్టుగీటు తన పేరునకు తగిన విలువను ఏదో ఒక్క రెట్టు వద్దనే చూపును. తఱచుగా అది పెద్దరెట్టు. ఇందులో పదిరెట్లు. ఉంగరమును అయిదునకు దించినప్పుడు దృశ్యము సగమునకు తగ్గినది, గీటులు తగ్గలేదు. ఒక్కొక్క మెట్టు వెనుకటికి రెండింతల దృశ్యమును కప్పుచున్నది. రెండవ గీటు నాలుగు మిల్లులైనది. 45 మీటర్లకు నాలుగు మిల్లులు 18 సెంటీమీటర్లు. కావలసినది 9, వాడు ఎత్తినది 18. మిగిలిన 9 సెంటీమీటర్లే ఆ బెత్తెడు.

ఒక చిన్న సూత్రమును వ్రాసికొనుడు. గీటు యొక్క విలువను, అది నిజము చెప్పు రెట్ల సంఖ్యతో గుణించి, ఇప్పుడు ఉంగరముమీద నున్న సంఖ్యతో భాగింపుడు. రెండు మిల్లులను పదితో గుణించి అయిదుతో భాగించిన నాలుగు. నేను మేనల్లునితో "అయిదు రెట్లప్పుడు రెండో గీటు వదిలెయ్యి, మొదటి గీటు పెట్టి కొట్టు" అంటిని. వాడు నమ్మీనమ్మనట్లు తల యూపెను.

ఇదే తప్పు దూరమును కొలుచునప్పుడు ఇంకను ప్రమాదకరము. పరిమాణము తెలిసిన వస్తువు ఎన్ని మిల్లులు కనబడుచున్నదో చూచి దూరము చెప్పవచ్చును. సెంటీమీటర్లను పదితో గుణించి మిల్లులతో భాగించిన మీటర్లు వచ్చును. 30 సెంటీమీటర్ల పలక ఆరు మిల్లులు కనబడినచో దూరము 50 మీటర్లు. మా సర్వేవారును ఈ పనినే చేయుదురు. మా గొట్టములో నడిమిగీటునకు పైనొకటి, క్రిందనొకటి రెండు పొట్టిగీటు లుండును. ఆ రెంటి నడుమ కొలబద్దమీద చిక్కిన పొడవును నూఱుతో గుణించిన దూరము. 85 సెంటీమీటర్లు చిక్కిన 85 మీటర్లు. మా రెట్లు మారవు గనుక మా నూఱు ఎన్నడును మారదు. మేనల్లుని దుర్భిణిలో అయిదురెట్లు పెట్టి అదే పలకను చూచిన మూడు మెట్లే కనబడును. లెక్కకు దూరము 100 మీటర్లు వచ్చును. 50 మీటర్ల దూరమున నున్న పలకను 100 మీటర్లని భ్రమించి, ఆ లెక్కకు తగినట్లు రైఫిలు నెత్తి కాల్చినచో గుండు ఏ గట్టును దాటునో ఎవరు చెప్పగలరు? వాని గట్టు వెనుకనే కూలీలు నడచు కాలువదారి యున్నది. ఈ సంగతి చెప్పినప్పుడు వాడు కొంతసేపు మాటాడలేదు.

ఒక అపోహ తీర్చవలెను. రెండవ తలపు దుర్భిణి అన్నివిధముల అబద్ధమాడదు. నడిమి కూడలి ఏ రెట్టులోనైనను ఒకటే, ఏలయన సున్నను దేనితో గుణించినను సున్నయే. అట్లే గొట్టముమీద టక్కుటక్కుమని తిరుగు మరలు రెండు గలవు. వానిని క్లిక్కులతో లెక్కింతురు. ఒక క్లిక్కు మిల్లులో పదవవంతు అయినచో, 20 క్లిక్కులు త్రిప్పిన రెండు మిల్లులు. గుండు దిగుటకు తగినన్ని క్లిక్కులు త్రిప్పి కూడలితోనే గురిచూచువానికి ఉంగరము ఎచ్చట నున్నను బాధ లేదు. మెట్టుగీటులను నమ్మి గురిచూచువానికే, వానితో కొలుచువానికే ఈ జాగ్రత్త.

అట్లయిన అందఱును మొదటి తలపు దుర్భిణినే కొనరాదా యని మీరడుగుదురు. దానికిని లోపములు గలవు. గీటు దృశ్యముతో పెరుగును తరుగును గనుక, చిన్నరెట్లలో సాలెదారముకంటె సన్నమై మెట్లు కంటికి ఆనవు. మసకవెలుతురులో మఱియు కష్టము. పెద్దరెట్లలో గీటు లావై కనబడును. అయినను గుఱిమీద అది కప్పు భాగము మారదు. మిల్లులో ఇరువదవవంతు లావుగల గీటు 45 మీటర్లకు రెండుంబాతిక మిల్లీమీటర్లను కప్పును, అది ఏ రెట్టులోనైనను అంతే. రెండవ తలపు గీటు కంటికి ఎల్లప్పుడును ఒకేలావు. పెద్దరెట్లలో గుఱిని తక్కువగా కప్పును గనుక చిన్నబిళ్లను నిదానముగా కొట్టువారికి హాయి. చిన్నరెట్లలోను గీటు మాయము కాదు. నిర్మాణము సులువు గనుక సాధారణముగా వెలయును తక్కువ. దాని రెండవ లోపము మఱియొకటి: నడిమి జంట కటకములు జరుగునప్పుడు రవంత ప్రక్కకు ఒరిగినచో దృశ్యము కదలును, వెనుకనున్న గీటు కదలదు. కావున నాసిరకపు దుర్భిణిలో రెట్లు మార్చినప్పుడు కూడలియే తావు తప్పును. మొదటి తలములో దృశ్యమును గీటును కలిసియే కదలును గనుక ఆ తప్పు పుట్టదు. ఐరోపాలో పూర్వమునుండి మొదటి తలమునకును, అమెరికాలో రెండవ తలమునకును వాడుక హెచ్చు. దూరము ముందే తెలిసి, ఒకే రెట్టుమీద కాల్చువానికి రెండవది చాలును. దూరములును రెట్లును క్షణక్షణము మారువానికి మొదటిది మేలు.

మీ చేతిలోని దుర్భిణి ఏ జాతిదో తెలిసికొనుటకు అమ్మినవాని నడుగ నక్కఱలేదు. దానిని తుపాకినుండి విప్పి, ఒక ఇటుకగోడవైపు పెట్టుడు. సూర్యునివైపు ఎన్నడును పెట్టకుడు. చిన్నరెట్టులో ఒక మెట్టుగీటును ఇటుకల అతుకుమీద ఆనించి, కూడలిని వేఱొక అతుకుమీద నిలుపుడు. మెల్లగా ఉంగరమును త్రిప్పుడు. గీటులు పెరుగుచు తమ అతుకులను విడువకయున్నచో మొదటి తలము. గీటులు నిలిచియుండి ఇటుకలు మాత్రము పెరుగుచు జరిగిపోయినచో రెండవ తలము.

ఆ సాయంకాలము మేనల్లుడు ఒక కోరిక కోరెను. కైకలూరు దగ్గఱ ఆటపాకలో గూడబాతులను ఈ దుర్భిణితో చూడవచ్చునా యని. తుపాకిమీద బిగించిన దుర్భిణితో దేనిని చూచినను తుపాకిమొన అటు తిరుగును గనుక, చూచుటకు మాత్రమే చూడదలచినవాడు చేతిదుర్భిణిని తీసికొని పోవలెనంటిని. ఒకప్పుడు కొల్లేట పక్షులను కొట్టి తెచ్చుట గొప్పగా చెప్పుకొనెడివారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము వేటను నిషేధించినది. 1999 లో కొల్లేటిలో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యముగా ప్రకటింపబడినది. సముద్రమట్టమునకు అయిదడుగుల ఎత్తుగీత దాని సరిహద్దు.

ఆ సరిహద్దు మాట వచ్చినది గనుక నా అనుభవమొకటి చెప్పెదను. ఆ గీత నీటిమీద గాని, గట్టుమీద గాని ఎవరికిని కనబడదు. లెవెల్ యంత్రములోని గీటుతో పట్టి, పటముమీద గీచినది. ఒకనాడు ఒక రైతు గ్రామపటము నకలు పట్టుకొని నాయొద్దకు వచ్చెను. "అయ్యా, నా చెరువు సరిహద్దు బయట ఆరువందల అరవై అడుగుల దూరంలో ఉందండి, చూడండి" అని స్కేలుబద్ద పెట్టి చూపెను. పటముమీద అంగుళమునకు 330 అడుగులని వ్రాసియున్నది. బద్దమీద రెండు అంగుళములు వచ్చినవి. లెక్క సరియే. కాని ఆ నకలు జిరాక్సు యంత్రములో రెండింతలు పెద్దదిగా తీసినది. పటము అడుగున గీచియున్న స్కేలుగీతను చూచితిని. అదియు పటముతోపాటు రెండింతలైనది. దానితో కొలిచిన అసలు దూరము 330 అడుగులే. పటముమీది గీత మొదటి తలపు గీటు, చేతిలోని బద్ద రెండవ తలపు గీటు. బద్ద తప్పు కాదు, పటము పెరిగెనని బద్దకు తెలియదు. ఆ రైతు ఆ దూరమును నమ్మి గట్టు జరుపుకొనవలెనని డబ్బు కూడ సిద్ధము చేసికొనియుండెను.

ఈ కథనే మేనల్లునికి చెప్పితిని. పండుగ మఱునాడు వాడు ఇంటికి పోయి, సాయంకాలము ఫోను చేసెను. అయిదు రెట్లు, మొదటి గీటు, 45 మీటర్లు. బిళ్ల మ్రోగినదట. "అయితే దుర్భిణి తిప్పి పంపిస్తున్నావా?" అంటిని. "లేదు మావయ్యా, ఉంగరం మీద పది అంకె దగ్గర తెల్లరంగు చుక్క పెట్టుకున్నాను. గీటులు వాడేటప్పుడు అక్కడే ఉంచుతాను" అనెను. మఱి చీకటిపడునప్పుడేమి చేయుదువని అడిగితిని. బిళ్ల సరిగా కనబడనివేళ తుపాకి లోపల పెట్టి తాళము వేసెదననెను. ఆ జవాబు నాకు గీటుల లెక్కకంటె ఎక్కువ సంతోషము కలిగించినది.